ఆదివారం క్విజ్‌కి స్కీ జంపింగ్ పతక విజేతలు: తెలిసినవాళ్ళు సాయం చేయండి

లష్కర్‌బజార్ | గురువారం, రాత్రి 9:15

అందరికీ నమస్తే. హన్మకొండలో మా కాలనీ గ్రంథాలయంలో నెలకో ఆదివారం ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు క్విజ్ పెడుతుంటాను. క్రికెట్, కబడ్డీ ప్రశ్నలు ఎంత తిప్పి అడిగినా ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తున్నారు. పోయిన నెల ఒక పాప వెళ్ళబోతూ ఆగి, ‘సార్, టీవీల ఒకాయన కాళ్లకు పొడుగు చెక్కలు కట్టుకొని గుట్ట మీదికెల్లి పక్షి లెక్క పోయిండు, అదేం ఆట సార్?’ అని అడిగింది. అది స్కీ జంపింగ్ అని చెప్పాను కానీ, అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈసారి క్విజ్ మొత్తం ఆ ఆట మీదే పెడదామని నిర్ణయించుకున్నాను.

చేతిలో ఉన్నది ఒక పాత జనరల్ నాలెడ్జ్ పుస్తకం. అందులో నుంచి మొదటి ప్రశ్న రాసుకున్నాను: 1924 షామొనీ, మొదటి శీతాకాల ఒలింపిక్స్. స్వర్ణం జాకబ్ తులిన్ థామ్స్, రజతం బొన్నా, కాంస్యం థోర్లీఫ్ హాగ్. ముగ్గురూ నార్వే దేశస్థులే. ఇది సరేనా? ఇంకో తొమ్మిది ప్రశ్నలు కావాలి.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | గురువారం, రాత్రి 12:20

సార్, ఇప్పుడే డ్యూటీ దిగి ఇంటికొచ్చి మీ పోస్టు చూశాను. ఆ మొదటి ప్రశ్న మార్చండి. పుస్తకం పాతది కాబట్టి కాంస్యం పేరు తప్పు పడింది.

ఆ రోజు మార్కులు కూడినప్పుడు లెక్క తప్పింది. హాగ్ మామూలు ఆటగాడు కాదు, అవే ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచాడు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నిజానికి మూడో స్థానం ఆండర్స్ హౌగెన్‌ది. నార్వేలో పుట్టి అమెరికా వెళ్ళి స్థిరపడిన మనిషి. ఆ తప్పు బయటపడింది 1974లో, అంటే యాభై ఏళ్ళకు! అప్పటికి హాగ్ చనిపోయి నలభై ఏళ్ళు. ఆయన కూతురే ఆ కాంస్యాన్ని తీసుకొచ్చి ముసలితనంలో ఉన్న హౌగెన్ చేతిలో పెట్టింది.

నేను పదకొండేళ్ళుగా ఈ ఆట చూస్తున్నాను. యూరప్‌లో సాయంత్రం పోటీలు మనకు అర్ధరాత్రి వస్తాయి. బొగ్గు బాయి నుంచి పైకొచ్చి, స్నానం చేసి, అన్నం పళ్ళెం ముందు పెట్టుకుంటే సరిగ్గా మొదటి రౌండ్ మొదలవుతుంది. రోజంతా భూమి లోపల ఉండి వచ్చినవాడికి, మనిషి గాలిలో తేలుతుంటే చూడడం ఎట్లా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను.

లష్కర్‌బజార్ | శుక్రవారం, ఉదయం 6:40

అన్నా, చాలా థ్యాంక్స్. పిల్లలకు తప్పు చెప్పేవాణ్ణి. ఆ కూతురి సంగతి చదివి చాలాసేపు అట్లనే కూర్చున్నాను. ప్రశ్న మారుస్తున్నాను: ‘యాభై ఏళ్ళ తర్వాత పతకం అందుకున్న ఆటగాడు ఎవరు?’

అసలు గెలుపు ఎట్లా లెక్కిస్తారో కూడా చెప్పాలి కదా. ఎక్కువ దూరం దూకినవాడే విజేత కాదా?

ఎన్‌ఐటీ హాస్టల్ | శుక్రవారం, ఉదయం 8:05

సార్, దూరం సగం లెక్క మాత్రమే. ప్రతి కొండకూ కె-పాయింట్ అని ఒక గీత ఉంటుంది. ఒలింపిక్ కొండల మీద అక్కడ దిగితే 60 పాయింట్లు. పెద్ద కొండ మీద ఆ గీత దాటిన ప్రతి మీటరుకు 1.8 పాయింట్లు కలుస్తాయి, తగ్గితే పోతాయి. చిన్న కొండ మీద మీటరుకు 2. దూరాన్ని అర మీటరు చొప్పున కొలుస్తారు. ఆపైన అయిదుగురు జడ్జీలు తలా 20కి మార్కులు వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మిగిలిన మూడూ కలుపుతారు. దిగేటప్పుడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మోకాలు వంచాలి, దాన్ని టెలిమార్క్ అంటారు. రెండు కాళ్ళూ పక్కపక్కనే ఆనిస్తే ఎంత దూరం పోయినా మార్కులు కోస్తారు. 2009 నుంచి గాలి లెక్క కూడా వచ్చింది. ఎదురుగాలి ఈ ఆటలో మేలు చేస్తుంది, కింది నుంచి ఎత్తి పట్టుకుంటుంది. కాబట్టి దానికి పాయింట్లు తీసేస్తారు, వెనక గాలికి కలుపుతారు.

చాలామంది అనుకునే తప్పు ఒకటుంది. జారుడుబండ చివర పైకి లేచి ఉంటుందనీ, అదే మనిషిని పైకి విసురుతుందనీ అనుకుంటారు. కాదు సార్. ఆ చివర కూడా కిందికే వాలి ఉంటుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చి, సెకనులో చిన్న వంతులో కాళ్ళ బలంతో వాళ్ళే లేవాలి. లేచాక కూడా ఆకాశంలోకి పోరు. కింద కొండ వాలుతుంటుంది, దానికి కొన్ని మీటర్ల పైన మాత్రమే వీళ్ళు తేలుతుంటారు.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | శుక్రవారం, ఉదయం 11:30

తమ్మీ బాగా చెప్పాడు. గాలి సంగతి వచ్చింది కాబట్టి యాన్ బొక్లోవ్ పేరు రాసుకోండి సార్. స్వీడన్. అంతకుముందు అందరూ స్కీలు రెండూ పక్కపక్కన, నిలువుగా పెట్టి ఎగిరేవాళ్ళు. ఈయన వాటిని ముందు వైపు విప్పి వి ఆకారంలో ఎగిరాడు. జడ్జీలకు అది అందంగా కనిపించలేదు, మార్కులు కోశారు. కోసినా దూరంతోనే నెగ్గుకొచ్చి 1988-89 ప్రపంచ కప్ సీజన్ గెలిచాడు. మూడేళ్ళు తిరిగేసరికి 1992 ఆల్బర్ట్‌విల్‌లో అదే పద్ధతిలో ఎగిరి ఫిన్లాండ్ కుర్రాడు టోని నీమినెన్ స్వర్ణం కొట్టాడు, పదహారేళ్ళకే. ఇప్పుడు వి ఆకారం కాకుండా ఎగిరేవాళ్ళే లేరు.

పాత పద్ధతిలో రాజు ఎవరంటే మాటి నైకానెన్, ఫిన్లాండ్. 1984 సరయెవోలో ఒక స్వర్ణం, ఒక రజతం. 1988 కాల్గరీలో చిన్న కొండ, పెద్ద కొండ, టీమ్: మూడూ స్వర్ణాలే.

హుజూరాబాద్ టైలర్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

నేను ఆట చూడను కానీ మీరు రాసేది చదువుతున్నాను. 2025 ప్రపంచ పోటీల్లో బట్టల గొడవ ఏదో అయిందని మా అబ్బాయి చెప్పాడు. ఎగిరేదానికీ బట్టలకూ ఏం సంబంధం?

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:45

అక్కా, ఈ ఆటకు సగం ప్రాణం ఆ సూట్‌లోనే ఉంది. మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కగా ఉంటుంది. అది కొంచెం వదులుంటే గాలి దాంట్లో నిండి రెక్కలా పని చేస్తుంది. అందుకే శరీరం కొలతకన్నా కొన్ని సెంటీమీటర్లకు మించి వదులు ఉండకూడదని రూలు.

నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో, సొంత జనం ముందు, నార్వే జట్టు వాళ్ళే తనిఖీ అయిపోయిన సూట్లను మళ్ళీ విప్పి, కాళ్ళ మధ్య కుట్టులో గట్టి దారం వేసి బిగించారు. వీడియో బయటపడింది. పెద్ద కొండ పోటీలో మారియస్ లిండ్విక్ రెండో స్థానంలో నిలిచి కూడా అనర్హుడయ్యాడు. దాంతో స్వర్ణం స్లొవేనియా డోమెన్ ప్రెవ్‌ట్స్, రజతం ఆస్ట్రియా యాన్ హోర్ల్, కాంస్యం జపాన్ ర్యోయు కొబయాషి అయ్యారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఆట పుట్టిందే నార్వేలో అక్కా.

హుజూరాబాద్ టైలర్ | శుక్రవారం, మధ్యాహ్నం 3:20

ఇప్పుడు అర్థమైంది తమ్ముడూ. ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను. కాళ్ళ మధ్య నాలుగు కుట్లు కలిసే చోటు ఉంటుంది కదా, అక్కడ అర ఇంచు కిందికి జారితే చాలు, మనిషి కాళ్ళు చాపగానే గుడ్డ రెండు తొడల మధ్య జోలెలాగా పరుచుకుంటుంది. అక్కడ గట్టి దారం వేస్తే ఆ జోలె సాగకుండా బిగిసి నిలబడుతుంది. నిలబడి ఉన్న మనిషి మీద టేపు పెడితే ఏ తేడా కనిపించదు. కాళ్ళు చాపితేనే తెలుస్తుంది. ఎక్కడ చేయి పెట్టాలో తెలిసినవాళ్ళే ఆ పని చేశారు. ఇంత మంచి కుట్టుపని తెలిసి ఇట్లా వాడినందుకు నాకు బాధగా ఉంది.

జమ్మికుంట టీచర్ | శుక్రవారం, సాయంత్రం 6:50

లష్కర్‌బజార్ సార్, మీ పది ప్రశ్నల్లో ఇప్పటిదాకా ఒక్క అమ్మాయి పేరు లేదు. ప్రశ్న అడిగిందేమో ఒక పాప.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | శుక్రవారం, రాత్రి 12:35

మేడం చెప్పింది నిజం. నేనే ముందు రాయాల్సింది.

మగవాళ్ళకు ప్రపంచ పోటీలు 1925 నుంచి ఉన్నాయి. ఆడవాళ్ళకు మొదటిసారి పెట్టింది 2009లో, చెక్ దేశంలోని లిబెరెట్స్‌లో. ఆ మొదటి విజేత అమెరికాకు చెందిన లిండ్సే వాన్. మరుసటి ఏడాది వాంకూవర్ ఒలింపిక్స్. అక్కడి చిన్న కొండ మీద అప్పటికి అందరికన్నా ఎక్కువ దూరం ఎగిరిన రికార్డు ఆమెదే, అయినా ఆడవాళ్ళకు పోటీయే లేదు. కెనడా కోర్టుకు వెళ్ళారు. ఇది వివక్షే అని జడ్జి ఒప్పుకున్నారు, కానీ ఒలింపిక్ కమిటీ మీద మా చట్టం పనిచేయదన్నారు. 2014 సోచిలో గానీ తలుపు తెరుచుకోలేదు. మొదటి స్వర్ణం జర్మనీ కరీనా ఫోగ్ట్, రజతం ఆస్ట్రియా డానియెలా ఇరాష్కో-స్టోల్ట్స్, కాంస్యం ఫ్రాన్స్ కొలీన్ మతెల్. ప్రపంచ పోటీల్లో పెద్ద కొండ మీదికి ఆడవాళ్ళను ఎక్కనిచ్చింది 2021లో. మొదటి స్వర్ణం నార్వే మారెన్ లుండ్బీది.

నాకు అందరికన్నా ఇష్టమైన పేరు సారా తకనాషి. జపాన్. ప్రపంచ కప్‌లో 60కి పైగా విజయాలు, మగవాళ్ళలో కూడా అన్ని గెలిచినవాళ్ళు లేరు. ఒలింపిక్స్‌లో మాత్రం వ్యక్తిగతంగా ఆమెకు దక్కింది ఒకే ఒక్క పతకం, 2018లో కాంస్యం. 2022 బీజింగ్‌లో మిక్స్‌డ్ టీమ్ పోటీలో బాగా ఎగిరి దిగాక సూట్ కొలిచి, తొడ దగ్గర 2 సెంటీమీటర్లు ఎక్కువ వదులుందని ఆ జంప్ కొట్టేశారు. ఆ పోటీలో నాలుగు దేశాల అమ్మాయిలు అయిదుగురిని అట్లాగే తీసేశారు. కొలిచిన తీరు ఎప్పటిలా లేదని వాళ్ళు అన్నారు. సారా ఏడ్చుకుంటూనే రెండో రౌండ్‌కు వచ్చి మళ్ళీ ఎగిరింది. జపాన్‌కు నాలుగో స్థానం. తర్వాత దేశ ప్రజలకు క్షమాపణ రాసింది.

జమ్మికుంట టీచర్ | శనివారం, ఉదయం 7:15

ఇది చదివాక ఒక సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. మూడేళ్ళ కింద మా బడి కబడ్డీ జట్టును పోటీలకు తీసుకెళ్ళాను. మా కెప్టెన్ అమ్మాయి బరువు రూలు కన్నా మూడు వందల గ్రాములు ఎక్కువ వచ్చింది. మా బడిలో తూకం వేసినప్పుడు సరిపోయింది. ఇంకొకసారి తూచమని అడిగాం, వినలేదు. ఆ అమ్మాయి పక్కన కూర్చొని మిగతా ఆరుగురికి గొంతు పోయేదాకా అరిచి చెబుతూనే ఉంది. ఓడిపోయాం. తిరుగు బస్సులో ‘నావల్లనే మేడం’ అని నా భుజం మీద తల పెట్టుకుంది. పారిస్‌లో వినేశ్ ఫోగట్‌ను 100 గ్రాములకు తీసేసిన రోజు నాకు ఈ పిల్లే గుర్తొచ్చింది, ఇప్పుడు మళ్ళీ.

సారా తకనాషిని ప్రశ్నల్లో పెట్టండి సార్. కాంస్యం గురించే అడగండి.

హుజూరాబాద్ టైలర్ | శనివారం, ఉదయం 9:00

మేడం, మీ పిల్ల మాట విని కళ్ళు చెమ్మగిల్లాయి. కొలత తప్పితే తప్పే, అది నేను ఒప్పుకుంటాను. కానీ చలిలో, ఆ వేగంలో మనిషి ఒళ్ళు ఉదయానికీ రాత్రికీ ఒకే కొలత ఉండదు. పెళ్ళి జాకెట్టుకు ఇచ్చిన కొలతలు పెళ్ళినాటికి మారిపోవడం రోజూ చూస్తున్నాను. ఎగరకముందు కొలవాలి, ఎగిరాక కాదు.

ఎన్‌ఐటీ హాస్టల్ | శనివారం, ఉదయం 10:20

అక్కా, ముందు కూడా కొలుస్తారు. ట్రోన్‌హైమ్‌లో మోసం జరిగిందే ముందు కొలిచాక. అందుకే దిగాక మళ్ళీ చూడక తప్పదు. కానీ ఎవరు కొలిచినా ఒకే తీరుగా కొలవాలి, అది నేనూ అంటాను.

సార్, తేడాల మీద ఒక ప్రశ్న పెట్టండి. 1972 సపోరో పెద్ద కొండ: పోలండ్‌కు చెందిన వొయ్‌చెక్ ఫోర్తునా 219.9, స్విట్జర్లాండ్ వాల్టర్ ష్టైనర్ 219.8. తేడా 0.1. ఇప్పటి లెక్కన మీటరుకు 1.8 అనుకుంటే అది అయిదున్నర సెంటీమీటర్లు, జానెడులో మూడో వంతు కూడా లేదు. శీతాకాల ఒలింపిక్స్‌లో పోలండ్‌కు అదే మొట్టమొదటి స్వర్ణం.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | శనివారం, మధ్యాహ్నం 1:10

అదే సపోరోలో చిన్న కొండ మీద మూడు పతకాలూ జపాన్‌వే: కసాయా, కొన్నో, అవోచి.

జపాన్ మాట వచ్చింది కాబట్టి హరాదా కథ చెప్పనివ్వండి. 1994 లిల్లెహామర్, టీమ్ పోటీ. చివరి జంప్ మసహికో హరాదాది. 105 మీటర్లు వస్తే స్వర్ణం, అతనికి అది పెద్ద దూరం కాదు. 97.5 దగ్గర దిగిపోయాడు. స్వర్ణం జర్మనీకి పోయింది. అక్కడే ముఖం పట్టుకొని కూలబడ్డాడు. నాలుగేళ్ళ తర్వాత సొంత దేశంలో, నాగానోలో, మళ్ళీ టీమ్ పోటీ. విపరీతంగా మంచు కురుస్తోంది. హరాదా మొదటి జంప్ 79.5! జపాన్ నాలుగో స్థానానికి పడిపోయింది. పోటీ ఆపేస్తే అంతటితో అయిపోయినట్టే. అప్పుడు పాతిక మంది టెస్ట్ జంపర్లు ఒకరి తర్వాత ఒకరు ఎగిరి, కొండ పోటీకి పనికొస్తుందని చూపించారు. వాళ్ళలో జిన్యా నిషికాత ఒకడు, లిల్లెహామర్‌లో హరాదా వల్ల స్వర్ణం పోగొట్టుకున్న జట్టులోనివాడు. రెండో రౌండ్‌లో హరాదా 137 మీటర్లు ఎగిరాడు. జపాన్‌కు స్వర్ణం.

ఆ జట్టులో చోటు దొరకని ఇంకొకడు నొరియాకి కసాయ్. అతను ఆపలేదు. ఎనిమిది శీతాకాల ఒలింపిక్స్ ఆడాడు. 2014లో 41 ఏళ్ళ వయసులో పెద్ద కొండ మీద రజతం తెచ్చుకున్నాడు. పోలండ్ కమిల్ స్టోఖ్ కన్నా 1.3 పాయింట్లే తక్కువ. స్వర్ణాల లెక్క చూస్తే స్విట్జర్లాండ్ సిమోన్ అమ్మాన్ పెద్దవాడు, 2002లో రెండు, 2010లో రెండు, నాలుగూ వ్యక్తిగతమే. పిల్లలకు అమ్మాన్ గురించి తప్పకుండా చెప్పండి. కానీ నన్నడిగితే నా ఓటు కసాయ్‌కే.

నిజామాబాద్ పసుపు | శనివారం, సాయంత్రం 5:30

ఆలస్యంగా చూశాను. మన పిల్లలకు మంచు దూరం అనిపిస్తుందేమో, ఒక మాట చెప్పండి సార్. మా జిల్లా పాకాల నుంచి వెళ్ళిన మాలావత్ పూర్ణ 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కినప్పుడు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. గురుకులంలో చదివిన అమ్మాయి. అంతకు కొన్ని నెలల ముందు దాకా మంచు ఎట్లా ఉంటుందో ఆమెకూ తెలియదు.

ఇంకొకటి. స్లొవేనియా జనాభా దాదాపు 21 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక్కదానిలోనే 35 లక్షల మంది ఉన్నారు. ఆ చిన్న దేశంలో ఒక్క ప్రెవ్‌ట్స్ ఇంట్లోనే నలుగురు పతక విజేతలు. పీటర్‌కు, ట్సేనేకు ఒలింపిక్ పతకాలున్నాయి. ట్రోన్‌హైమ్‌లో డోమెన్ పెద్ద కొండ గెలిస్తే, చెల్లెలు నికా చిన్న కొండ, పెద్ద కొండ రెండూ గెలిచింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు.

కాజీపేట గార్డు | శనివారం, రాత్రి 8:40

రిటైర్డ్ రైల్వే మనిషిని. అన్నీ చదివాను. మీరు మీటర్లు చెబుతున్నారు కానీ ఎంత దూరమో పిల్లలకు కంటికి కనిపించాలి కదా. అందరికన్నా ఎక్కువ ఎగిరింది ఎంత?

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | శనివారం, రాత్రి 9:05

సార్, పోటీల్లో అయితే ఆ డోమెన్ ప్రెవ్‌ట్స్‌దే. 2025 మార్చి 30న స్లొవేనియాలోని ప్లానిత్సా కొండ మీద 254.5 మీటర్లు. ఒలింపిక్ కొండలు కావు ఇవి, ఇంకా పెద్దవి. స్కీ ఫ్లయింగ్ కొండలంటారు.

కాజీపేట గార్డు | శనివారం, రాత్రి 9:30

ఇప్పటి ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవు దాదాపు 24 మీటర్లు. అంటే పది బోగీలు దాటి పదకొండో దానిలో సగం దాకా. లష్కర్‌బజార్ సార్, క్విజ్ అయ్యాక పిల్లలను కాజీపేట తీసుకురండి, ప్లాట్‌ఫారం టికెట్లు నేను తీస్తాను. బండి నిలబడ్డప్పుడు చూపిద్దాం.

లష్కర్‌బజార్ | ఆదివారం, మధ్యాహ్నం 1:50

క్విజ్ బాగా జరిగింది. ముప్పై ఒక్క మంది వచ్చారు. హౌగెన్ ప్రశ్నకు ఎవరూ చెప్పలేకపోయారు, కానీ జవాబు చెప్పాక ఒక బాబు లేచి ‘మరి హాగ్ వాళ్ళ ఇంట్ల పతకం లేకుంటయింది కదా సార్’ అన్నాడు. ఆయన మూడు స్వర్ణాల సంగతి చెప్పాక కూర్చున్నాడు. సారా తకనాషి గురించి చెబుతుంటే హాలంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్న అడిగిన పాపకు వచ్చింది రెండో బహుమతి. ఆమె వెళ్ళేముందు ఇంకో ప్రశ్న అడిగింది: ‘ఎండకాలం వాళ్ళు ఏం చేస్తరు సార్?’

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఎండాకాలం కూడా ఎగురుతారని చెప్పండి సార్. కొండ వాలు మీద ప్లాస్టిక్ కుచ్చులు చాపల్లాగా పరిచి, నీళ్ళు చల్లి తడిపి, వాటి మీద దిగుతారు. జారే బాటకు పింగాణీ గాడులు ఉంటాయి. ఎండాకాలానికి వేరే పోటీలే ఉన్నాయి. మంచు లేకపోయినా ఆట ఆగదు.

కాజీపేట గార్డు | ఆదివారం, రాత్రి 7:25

పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు. బండి పది నిమిషాలు ఆగింది. ఇంజను వెనక మొదటి బోగీ మొదలయ్యే చోట ఆ పాప తమ్ముణ్ణి, ఇద్దరు పెద్ద పిల్లలను నిలబెట్టాం. మిగతా వాళ్ళం లెక్కపెట్టుకుంటూ నడిచాం. నాలుగో బోగీ దగ్గరే ఒకడు ‘ఇంకెంత దూరం తాతా?’ అన్నాడు. పదకొండో బోగీ మధ్యలో ఆగి వెనక్కి తిరిగాం. పాప చున్నీ తీసి పైకెత్తి ఊపింది. మధ్యలో జనం, టీ బండ్లు. తమ్ముడికి కనబడలేదట. తర్వాత వాడు అక్కడి నుంచి ఇక్కడి దాకా పరుగెత్తుకుంటూ వచ్చాడు.